పద్నాలుగో ప్రశ్న

జ్ఞానభారతి మెట్రో దిగి
రెండొందల పద్నాలుగు ఫారాలు
వానకి తడవకుండా చున్నీ కప్పి తెచ్చాను,
పురిటిబిడ్డని తెచ్చినట్టు.

ఎమ్మే ఆఖరి సెమిస్టరు. నా పరిశోధన పేరు పొడుగు:
డిజిటల్ పౌరసత్వ విద్యపై
విశ్వవిద్యాలయ విద్యార్థుల అభిప్రాయాలు.
అమ్మకి ఫోన్లో చదివి వినిపిస్తే
"సెల్లు ఎట్టా పట్టుకోవాల్నో నేర్పేదానికీ బడి ఉందా?" అంది.
ఉంది. రెండు క్రెడిట్లు. శనివారం పొద్దున ఎనిమిదికి.
సగం హాజరు ప్రాక్సీ.

ఒక్కో ప్రశ్నకి అయిదు గళ్లు.
పూర్తిగా ఒప్పుకుంటాను నుంచి
అసలు ఒప్పుకోను దాకా
మనసు దిగడానికి అయిదే మెట్లు.

తిప్పేస్వామి, మడకశిర పిల్లోడు, బీకాం రెండో ఏడు,
రాత్రి పన్నెండు దాకా బండి మీద బిర్యానీలు మోస్తాడు.
గళ్లన్నీ బుద్ధిగా నింపి, ఫారం తిప్పి రాశాడు:
"అక్కా, ఆన్‌లైన్‌లో నేను పౌరుణ్ణి కాను,
మ్యాపు మీద కదిలే చుక్కని.
పౌరుడికి ఓటుంటుంది. నాకు రేటింగుంది.
చుక్కలకేమన్నా చట్టముంటే ఆ పాఠం చెప్పమను,
ఎనిమిదికి కాదు, ఏడుకే వస్తా."
దీన్ని ఏ గడిలో వెయ్యను?

షగుఫ్తా రాసింది:
పాస్‌వర్డు ఎవరికీ చెప్పకూడదని నేర్చుకున్నా,
మా అన్నకి తప్ప.
ఆ 'తప్ప' గురించి సిలబస్‌లో లేదు.

ఇంకొకడు పేరు రాయలేదు:
"అబద్ధపు వార్తని పట్టుకోడం నేర్పారు, బాగుంది.
చిన్నాయన పంపింది అబద్ధమన్నా.
ఇంటి గ్రూపులోంచి నన్నే తీసేశారు.
అప్పట్నుంచీ మా నాయన నన్ను
'ఏమోయ్ పౌరుడా' అంటాడు."
మెస్సులో ఒక్కదాన్నే నవ్వాను.
ఎదుటి బల్ల వాళ్లు తలెత్తి చూశారు.

పద్నాలుగోది నేను సొంతంగా రాసిన ప్రశ్న,
గైడు మెచ్చుకున్నది:
మీ ఎదుట ఒకరిని ఆన్‌లైన్‌లో అవమానిస్తుంటే
మీరు అడ్డుపడతారు.
రెండొందల పదమూడు మంది పూర్తిగా ఒప్పుకున్నారు.
ఇంత మంచివాళ్లమా మేం!
ఒక్క ఫారంలో మాత్రం అసలు ఒప్పుకోను.
పక్కన పెన్సిలుతో, చీమంత అక్షరాల్లో,
ఆగస్టు పంతొమ్మిది.
అంతే.

"ఇదొక్కటీ వరసలో లేదు, తీసెయ్," అన్నారు గైడు,
"ప్రశ్న అర్థమయ్యుండదు."

ఆ తారీఖు నాకు తెలుసు.
డాబా మీద బట్టలారేస్తున్న వన్నూరమ్మని
ఎవరో వెనకనుంచి తీసిన ఫోటో,
దాని కింద ఒక మాట,
ఆ మాట కింద తెల్లవార్లూ నవ్వు బొమ్మలు.
హాస్టలు గ్రూపులో నూట ఎనభై మందిమి.
పొద్దున ఆమె వెళ్లిపోయినట్టు
బూడిదరంగులో ఒక్క వరస.
వెంటనే దాని కింద:
ఇవాళ మెస్సులో బిసిబేళే బాత్.

నేను చూశాను.
చూసినట్టు నీలం టిక్కులు పడకుండా
సెట్టింగు మార్చుకున్నదాన్ని.
ఆ ఒడుపు ఏ కోర్సులోనూ నేర్చుకోలేదు.

ఆ అమ్మాయికి ప్రశ్న అర్థమైంది సార్,
మిగిలినవాళ్లకే కాలేదు
అని అనలేదు.
"సరే సార్" అన్నాను.

రాత్రి రెండయింది.
పట్టికలో ఆ వరస దగ్గర కర్సరు
ఊరికే మిణుకుతోంది.
తీసేస్తే సగటు అయిదుకి అయిదు.
కింద వీధిలో బండి ఆగింది.
ఫోన్ వెలుగులో గేటు నంబరు వెతుక్కుంటున్నాడెవరో,
వాన కోటులో ఒక చుక్క.

మిగిలిపోయిన ఖాళీ ఫారం ఒకటి తీశాను.
నేరుగా పద్నాలుగుకి వెళ్లాను.
చేతిలో ఉన్నది పెన్ను, రాస్తే చెరగదు.
పక్క గదిలో పెన్సిలడుగుదామని లేచి
గడప దాకా వెళ్లి
వెనక్కొచ్చి కూర్చున్నాను.